విత్తనాల తువ్వాల

కుందుర్పి నుంచి పడమరగా ఐదు మైళ్ళు పోతే, రోడ్డు మీద ఎప్పుడూ నీళ్ళు నిలిచినట్టు ఎండమావి తళతళలాడే చోట ఒక పల్లె వస్తుంది. దగ్గరికి పోయేకొద్దీ ఆ నీళ్ళు వెనక్కి జరుగుతాయి, ఊరు ముందుకు వస్తుంది. ఆ ఊరిలో ఈశ్వరప్ప ఇల్లు ఏదని ఎవరినీ అడగాల్సిన పని లేదు. కానుగచెట్టు కింద నులకమంచం వేసుకొని, వచ్చే మనిషిని దూరాన్నే చూసి, ఆ మనిషి చెట్టు దాకా వచ్చే లోపల బావిలోంచి నీళ్ళు చేది, భుజం మీది తువ్వాల చెంబు మూతి మీద పరిచి, వడకట్టి సిద్ధంగా పెట్టుకునేవాడు ఊరంతటికీ ఒకడే.

నీళ్ళు తాగేంతవరకు ఈశ్వరప్ప మాట్లాడడు. మనిషి చెంబు కింద పెట్టి మూతి తుడుచుకున్నాక మొదలుపెడతాడు. డెబ్భై నాలుగేండ్ల వయసులో ఆయన చెప్పుకునే ఘనకార్యాలు సరిగ్గా ఐదు. వరస మారదు, మాట తప్పదు.

మొదటిది, ఈ ఊరి బడిలో ఐదో తరగతి చదివేటప్పుడు తనిఖీకి వచ్చిన ఇనస్పెక్టరు దొర ముందర నిలబడి ఇరవయ్యో ఎక్కం దాకా ఊపిరి తీయకుండా ఒప్పజెప్పి, ఎర్ర పెన్సిలు బహుమానం తెచ్చుకోవడం. రెండోది, గొర్రెలు మందలు మందలుగా చచ్చిపోయిన కరువులో, పదకొండేండ్ల పిల్లోడుగా ఉండి, నాయనతో కలిసి నలభై రెండు అడుగుల బావి తవ్వడం. నాయన పలుగు వేస్తే తాను గంపతో మన్ను మోసినాడు. మూడోది, ఆ బావి నీళ్ళలో కందిపప్పు బ్యాళ్ళు మెత్తగా ఉడకడం. చుట్టుపక్కల ఏ బోరు నీళ్ళలోనూ ఉడకవు. పళ్ళు పసుపుపచ్చగా మారే నీళ్ళు బోర్లవి. ఈ బావివి అట్లాంటివి కావు. నాలుగోది, ఊరిలో ఏ ఇంటి విత్తనమైనా మొదటి పిడికిలి ఆయన చెయ్యి తగలనిది భూమిలో పడకపోవడం. ఐదోది, ఆయన కాల్చిన బొగ్గు అనంతపురం యూనివర్సిటీలో కంప్యూటరుకు తగిలించుకొని పని చేయడం.

ఐదోది మొదలుపెట్టే సమయానికి ఆయన భార్య వెంకటలక్ష్మమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడేది. "దాన్ని తొందరగా చెప్పప్పా, వాళ్ళకు బస్సు పోతాది" అనేది. ఈశ్వరప్ప ఆ మాట చెవిన వేసుకునేవాడు కాదు. తొందరగా చెప్పగలిగే సంగతి కాదు అది.

బొగ్గు కథ నిజంగా మొదలైంది పళ్ళు తోముకోవడంతో. ఈశ్వరప్ప జన్మలో పేస్టు ముట్టినవాడు కాదు. వేరుశెనక్కాయ పొట్టును పాత కుండలో గట్టిగా దట్టించి, మూకుడు మూసి, అంచు చుట్టూ బంకమన్ను మెత్తి, పిడకల మధ్యన పెట్టి పొద్దున్నించి సాయంత్రం దాకా కాల్చేవాడు. ఎక్కడైనా సన్నటి పగులు ఉండి గాలి పోయిందా, మరునాడు కుండలో బూడిదే మిగులుతుంది. గాలి పోకుండా కాలిందా, పొట్టు ఆకారం పొట్టుకే ఉండి, నల్లగా, ఈకంత తేలికగా, వేళ్ళతో మీటితే గాజుముక్కలా సన్నగా మోగే బొగ్గు వస్తుంది. అట్లా మోగిన బొగ్గునే ఆయన నూరి సీసాకు ఎత్తేవాడు. మోగనిది పెంటకుప్పకు పోయేది.

రెండేండ్ల కిందట హేమలత అనే అమ్మాయి ఆ ఊరికి నీళ్ళు పట్టుకుపోవడానికి వచ్చింది. ముదిగుబ్బ దగ్గర గొర్రెలు మేపుకునే అంజినప్ప కూతురు. కెమిస్ట్రీలో పెద్ద చదువు చదివి, పొలాలకు కొట్టే మందులు తాగే నీళ్ళలోకి దిగుతున్నాయా లేదా అని పరిశోధన చేస్తున్నది. ఆ రాత్రి పక్కింటి మారెక్క ఇంట్లో పడుకొని, పొద్దున లేచి పళ్ళపొడి అడిగితే, మారెక్క పోయి ఈశ్వరప్ప సీసా తెచ్చి ఇచ్చింది. అమ్మాయి పళ్ళు తోముకోవడం మరిచిపోయి ఆ పొడిని అరచేతిలో వేసుకొని వెలుతురుకు పెట్టి చూస్తూ నిలబడిపోయింది.

"తాతా, ఇది దేనిది?" అని వచ్చి అడిగింది.

ఈశ్వరప్ప చెప్పినాడు. ఆమె మళ్ళీ అడిగింది, కుండ ఎంతసేపు, పిడకలు ఎన్ని, మన్ను ఎట్లాంటిది అని. డెబ్భై రెండేండ్లలో ఆయనను ఇన్ని ప్రశ్నలు అడిగినవాళ్ళు లేరు. ఆ పొద్దు ఆయనకు అన్నం కూడా గుర్తు రాలేదు.

నాలుగు నెలల తర్వాత ఆమే ఆయనను యూనివర్సిటీకి పిలిపించింది. తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన తువ్వాలతో పోయినాడు. చల్లటి గదిలో ఒక చిన్న గాజు గ్లాసు, దానిలో మూడు పుల్లలు. ఒకటి ప్లాటినం తీగ, ఒకటి వెండి తీగ ఉన్న గాజు గొట్టం. మూడో దానిలో ఆయన బొగ్గు ఉంది. పెన్సిల్లో ఉండే గ్రాఫైటు పొడిలో ఈశ్వరప్ప బొగ్గుపొడి కొంచెం కలిపి, చుక్కలు చుక్కలుగా నూనె పోసి, ముద్ద చేసి, సన్న గొట్టంలో దట్టించి, వెనకనుంచి రాగితీగ గుచ్చినారు. హేమలత ఆ గొట్టం కొసను తెల్లకాగితం మీద గుండ్రంగా రుద్దింది. రుద్దిరుద్ది, నల్లని కొస అద్దంలాగా మెరిసేదాకా వదలలేదు. వెంకటలక్ష్మమ్మ ఇత్తడి బిందె రుద్దినట్టే ఉంది ఆయనకు.

"దీన్ని నీళ్ళలో పెట్టి కాసేపు తిప్పితే, మందు ఏమన్నా ఉంటే నీ బొగ్గు లోపలికి పీల్చుకుంటాది తాతా. అప్పుడు కరెంటు కొంచెం కొంచెం పెంచుకుంటా పోతాము. మందు యాడ కరుగుతాదో ఆడ గీత పైకి లేస్తాది" అని ఆమె కంప్యూటరు తెర చూపించింది.

తెర మీద ఒక సన్నటి గీత నిదానంగా పాకుకుంటూ పోతున్నది. చదునుగా, చదునుగా, వాన లేని సంవత్సరం చేను లాగా చదునుగా పోయింది. ఉన్నట్టుండి ఒకచోట మెల్లగా లేచింది, గుట్ట మాదిరి నిలిచింది, మళ్ళీ దిగింది. ఈశ్వరప్పకు అది తన ఊరు పడమటి దిక్కున కనిపించే గుట్ట లాగే తోచింది. సాయంత్రం పూట పొద్దు దాని వెనక్కి దిగుతుంటే, చిన్నప్పుడు బావి గట్టున కూర్చొని చూసిన గుట్ట. ఆ గీత వెనక కూడా ఏదో పొద్దు గుంకుతున్నట్టే కనిపించింది. చాలాసేపు అట్లే చూసినాడు.

"ఉత్త గ్రాఫైటుతో ఈ గుట్ట ఇంతే లేస్తాది" అని హేమలత చిటికెనవేలు గోరు చూపించింది. "నీ బొగ్గు కలిపితే ఇంత" అని మొత్తం వేలు చూపించింది.

ఊరికి వచ్చి ఆయన ఆ వేలే అందరికీ చూపించినాడు. వెంకటలక్ష్మమ్మ మాత్రం, పళ్ళు తోముకునే మసి పోయి కంప్యూటర్లో కూర్చునింది, ఇంగ నువ్వు ఇంట్లో యాడ కూర్చుంటావో అని నవ్వింది.

ఈ ఏడు మృగశిర కార్తెలో నాలుగు పదునుల వాన పడింది. ఊరంతా విత్తనాల పనిలో పడింది. హేమలతకు పరిశోధన రాసి ముగించే కాలం వచ్చి, వారం వారం రాలేనని, నాలుగు సోమవారాలు నీళ్ళు పట్టి పంపమని ఈశ్వరప్పను అడిగింది. గోధుమరంగు సీసాలు ఇచ్చింది. మూడు బోర్ల నీళ్ళు కొళాయి కింద పట్టాలి, నాలుగోది బావి నీళ్ళు. సీసా మీద తేదీ, చోటు రాయాలి. ఈశ్వరప్ప తన గుండ్రని అక్షరాలతో రాసి, పెట్టె కట్టి, కళ్యాణదుర్గం బస్సులో పంపినాడు. బస్సు కండక్టరుకు కూడా ఐదు ఘనకార్యాలూ తెలుసు.

ఇక్కడ విత్తనాల తువ్వాల సంగతి చెప్పాలి.

ఆ ఊరిలో విత్తనం వేసే ముందర ప్రతి ఇంటివాళ్ళూ తమ శెనక్కాయ విత్తనాలు కొన్ని తెచ్చి ఈశ్వరప్ప ముందర పెడతారు. ఆయన తన తెల్ల తువ్వాల పరిచి, విత్తనాలు పోసి, ఒక పక్క రెండు కొసలు తాను పట్టుకొని, ఇంకో పక్క ఆ ఇంటి మనిషికి ఇచ్చి, ఉయ్యాలలాగా ఊపుతాడు. ఆయన నాయన కాలంలో బూడిద, ఆవు పంచితం వేసి ఊపేవాళ్ళు. పదహైదేండ్లుగా బూడిద పోయి, అంగడిలో దొరికే మందు పొడి వచ్చింది. విత్తనం కుళ్ళకుండా, ఆకుమచ్చ రాకుండా కాపాడే తెల్లటి పొడి. పొడి మారింది గానీ తువ్వాల మారలేదు, ఊపడం మారలేదు. ఆ తువ్వాలకు ఊరిలో ఆఖరి చేనులో మొలక కనిపించేదాకా సబ్బు పెట్టకూడదు. పెడితే చేతివాసి పోతుందని నమ్మకం. ఉత్త నీళ్ళలో జాడించి, దులిపి, మళ్ళీ భుజాన వేసుకుంటాడు. ఇంట్లో ఎన్ని తువ్వాలలున్నా ఆ నెలంతా ఆయన భుజాన ఉండేది అదే. అంతకన్నా శుభమైన గుడ్డ ఆయనకు లేదు.

నాలుగో పెట్టె పంపిన వారానికి హేమలత బస్సు దిగింది. వచ్చేది దూరం నుంచే చూసి ఈశ్వరప్ప నీళ్ళు సిద్ధం చేసుకున్నాడు. ఆమె చెంబు తీసుకుంది గానీ తాగలేదు. మంచం కోడు పక్కన పెట్టింది.

"బోర్లలో మందు ఏమీ లేదు తాతా" అంది. "బావిలో ఉండాది."

ఏం మందని అడిగినాడు. కార్బెండజిమ్ అని చెప్పింది. విత్తనాలకు పట్టించేదే. నాలుగు వారాలూ ఉంది, నాలుగు సార్లూ అదే చోట గుట్ట లేచింది. అనుమానం తీరక, అసలు మందును ఒక్క చుక్క కలిపి చూస్తే ఆ గుట్టే అక్కడే ఇంకా ఎత్తు పెరిగింది. కాబట్టి వేరే ఏదో కాదు. ఊరంతా తాగే నీళ్ళు గనక దాచిపెట్టడానికి లేదు, సర్పంచుకు చెప్పి పోతాను అంది.

"యంత్రం తప్పు చెప్పుండొచ్చు కదా పాపా."

"తప్పు చెప్పేది కాదు తాతా. నీ బొగ్గు పట్టుకున్నంత బాగా ఇంగేదీ పట్టుకోలేదు."

ఈశ్వరప్ప ఆమె తాగని చెంబు వైపు చూసినాడు. బొగ్గు నిజమైతే బావి చెడ్డది. బావి మంచిదైతే బొగ్గు అబద్ధం. ఐదు వేళ్ళ మీద యాభై ఏండ్లుగా పేర్చుకున్న వరసలో రెండోదీ ఐదోదీ ఒకదాని గొంతు ఒకటి పట్టుకొని నిలబడినాయి.

సర్పంచు వీరేష్ చెడ్డవాడు కాదు. బడికి గోడ కట్టించినాడు, వీధి దీపాలు వేయించినాడు. ఆ బావి మాత్రం ఆయనకు ఎప్పుడూ భయమే. గట్టు పాతది, పోయిన ఏడు ఒక మేకపిల్ల పడింది. ఇప్పుడు నీళ్ళలో మందు అంటే ఇంక ఆలోచించేదేముంది, వచ్చే సోమవారం అందర్నీ కూర్చోబెట్టి చెప్పి, రాతిబండలు పరిచి మూసేద్దాం, ఈశ్వరప్ప మామకు కూడా వయసైంది, చేదేది ఎవరు అన్నాడు. ఆ మాట ఈశ్వరప్పకు మారెక్క ద్వారా చేరింది. మారెక్క ఆ మరునాడు నీళ్ళకు రాలేదు. ఆమె కోడలు కడుపుతో ఉంది. ఇంకెవరూ రాలేదు. తెల్లవారుజామున గిలక కిర్రుమనే శబ్దం లేకుండా ఊరు లేచింది. ఆ శబ్దానికి లేచే అలవాటున్న ఈశ్వరప్ప, పొద్దు చాలా పైకి వచ్చేదాకా మంచం మీదనే పడుకొని, తెల్లవారలేదేమో అనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం, గాలి కూడా నిలిచిపోయిన వేళ. దూరంగా గాలిమరల రెక్కలు కదలకుండా ఆకాశంలో గీతలు గీసినట్టు నిలబడి ఉన్నాయి. ఈశ్వరప్ప కానుగచెట్టు కింద ఒరిగి, ఎండ కళ్ళలో పడకుండా తువ్వాల ముఖం మీద కప్పుకున్నాడు. కానుగ పూలు ఒకటొకటి తువ్వాల మీద పడే చప్పుడు వినిపిస్తూ ఉంది. అట్లా వింటూ వింటూ ఎప్పుడు నిద్రలోకి జారినాడో తెలియలేదు.

బావి అడుగున ఉన్నాడు. పదకొండేండ్ల పిల్లోడు. పైన ఆకాశం గాజుబిళ్ళంత కనిపిస్తున్నది. నాయన వీపు ఎర్రమన్నుతో, చెమటతో మెరుస్తున్నది. పలుగు దెబ్బకు రాయి మోగుతున్నది, మంచి బొగ్గు మోగినట్టు సన్నగా మోగుతున్నది. అడుగున తేమ కనిపించింది. ఆ తేమ ఊరి, ఊరి, చిన్న గుంటగా నిలిచింది. నాయన దోసిలి పట్టినాడు, తాగలేదు. నువ్వు వడకట్టి ఇయ్యరా అని చూస్తున్నాడు. పిల్లోడు భుజం తడుముకుంటే తువ్వాల ఉంది. పరిచి నీళ్ళు పోసినాడు. నీళ్ళు గుడ్డలోంచి దిగుతున్నాయి, దిగుతున్నాయి గానీ పాలలాగా తెల్లగా దిగుతున్నాయి. నాయన దోసిలి నిండింది. దోసిలి ఎత్తుతున్నాడు. వద్దు నాయనా అనాలి. నోరు రాదు. నాలుక మీద చేదు.

మెలకువ వచ్చింది. చేదు మాత్రం నిజంగానే నాలుక మీద ఉంది.

ఆయన కదలలేదు. ముఖం మీద తువ్వాల అట్లే ఉంది. పైనుంచి ఎండ నేతలోంచి దిగుతూ, ఒక్కొక్క పోగు వేరువేరుగా కనిపిస్తున్నది. ఎన్నేండ్లుగానో భుజాన మోస్తున్న గుడ్డను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. పోగుల సందుల్లో సన్నటి తెల్లటి నలుసులు. అంచు మడతలో, కుట్టు లోపల, సున్నం పట్టినట్టు పేరుకొని ఉంది. కుచ్చులో ఒక శెనక్కాయ విత్తనం మీది ఎర్రటి పొర చిక్కుకొని ఉంది.

బోర్ల నీళ్ళు కొళాయి కింద పట్టినాడు. బావి నీళ్ళు చేదితే ఆకు, పువ్వు తేలుతుంది. యూనివర్సిటీకి పోయే నీళ్ళు. ఊరి నీళ్ళు పెద్దవాళ్ళ ముందర నిలబడేవి. అందుకని మామూలుగా కన్నా శ్రద్ధగా, తువ్వాల రెండు మడతలు వేసి, సీసా మూతి మీద పరిచి, సన్నగా ధార పోసి నింపినాడు. నాలుగు సోమవారాలూ.

ఆ పొద్దంతా ఆయన మంచం దిగలేదు. ఒక దారి ఉంది. సోమవారం ఊరి కూటానికి ఆ పిల్ల మళ్ళీ వస్తుంది. మళ్ళీ నీళ్ళు పట్టి చూడు పాపా అంటే చాలు. ఈ తడవ తువ్వాల వేయకపోతే గుట్ట లేవదు. బావి నిలబడుతుంది. తువ్వాల మాట ఎవరికీ తెలియనక్కరలేదు, ఆయన చేతివాసి చెడదు. అయితే ఆ పిల్ల చూసింది తప్పని ఊరంతా అంటారు. ముదిగుబ్బలో అంజినప్ప గొర్రెల వెంట ఎండలో నడిచి చదివించిన చదువు తప్పు చెప్పిందని అంటారు. బొగ్గు కూడా అబద్ధం చెప్పిందని అంటారు. బొగ్గు అబద్ధం చెప్పలేదు. అది మోగిన బొగ్గు.

సందెవేళ వెంకటలక్ష్మమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఏమైంది అని అడిగితే తువ్వాల ఆమె ఒడిలో పెట్టి, కుట్టు విప్పి చూపించినాడు. ఆమెకు రెండు మాటల్లో అర్థమైంది.

"చెప్పకపోతే ఏమైతాది?" అంది.

"బావి అన్నా పోతాది, ఆ పిల్ల మాటన్నా పోతాది."

"చెప్తే?"

ఈశ్వరప్ప గుట్ట వైపు చూసినాడు. "ఈ ఊరి విత్తనాలన్నీ నా చేతిలో ఊగినాయి లక్ష్మీ" అన్నాడు.

"చెయ్యి యాడికీ పోదులే. తువ్వాల కదా పొయ్యేది" అని ఆమె దాన్ని మడతపెట్టి మళ్ళీ ఆయన చేతికే ఇచ్చింది.

ఆయన ఫోను తెప్పించుకున్నాడు. హేమలత ఎత్తింది.

"పాపా, సీసా ఒకటి తప్పు నింపినాను."

"ఏ వారందీ తాతా?"

"నాలుగు వారాలదీ."

అంతా చెప్పినాడు. రెండు మడతలు వేసిన మాట కూడా చెప్పినాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె గొంతు వేరుగా వచ్చింది. సీసా మీద ఏం రాయాలో నేర్పినాను గానీ, ఎట్లా నింపుతావో ఒక్క తడవ వచ్చి చూడలేదు తాతా, అది నా తప్పు అంది. సోమవారం తువ్వాల తెస్తావా అని అడిగింది. ఉతకొద్దు అని కూడా అంది.

సోమవారం పొద్దున కానుగచెట్టు కిందకే ఊరు చేరింది. హేమలత అరచేతిలో పట్టే చిన్న యంత్రం తెచ్చింది, దానికి ఫోను తగిలించుకొని చూడొచ్చు. అవే మూడు పుల్లలు. నల్లని కొసను కాగితం మీద రుద్ది, వీరేష్‌కు చూపించింది, ఇది మీ ఊరి పొట్టేనని.

బావి నీళ్ళు ఆమే తోడుకుంది. గిలక కిర్రుమంది. వారం తర్వాత విన్న ఆ శబ్దానికి ఈశ్వరప్ప కళ్ళు మూసుకున్నాడు. మొదటి గ్లాసులో ఆ నీళ్ళు పోసి, ఏదో ఉప్పునీళ్ళు కలిపి, పుల్లలు దించింది. అందరూ ఫోను చుట్టూ మూగినారు. గీత చదునుగా బయల్దేరి, గుట్ట లేవాల్సిన చోటుకు వచ్చి, ఏమీ తెలియనట్టు దాటిపోయింది.

వీరేష్ ముఖం ముడుచుకుంది. పోయిన వారం ఒక మాట, ఈ వారం ఒక మాట ఏమిటని అడగబోయినాడు. ఈశ్వరప్ప మంచం మీదనుంచి లేచినాడు. భుజం మీది తువ్వాల తీసి, హేమలత పెట్టిన రెండో గ్లాసులో ఉన్న శుద్ధమైన నీళ్ళలో ఒక కొస ముంచి, తన చేత్తోనే పిండినాడు.

"ఇప్పుడు చూడు పాపా" అన్నాడు.

గీత బయల్దేరింది. ఆ చోటికి వచ్చింది. లేచింది. యూనివర్సిటీలో చూసినదానికన్నా ఎత్తుగా, ఫోను తెర పైఅంచు దాకా లేచి నిలబడింది. ఆయన అప్పుడు చెప్పినాడు, సీసాల సంగతి, తువ్వాల సంగతి, సబ్బు పెట్టని సంగతి. ఐదు ఘనకార్యాలు చెప్పే గొంతుతోనే, వరస తప్పకుండా చెప్పినాడు.

మారెక్క ముందుకు వచ్చింది. "అయితే మామా, విత్తనాల కాలంలో మేము వచ్చినప్పుడల్లా నువ్వు ఈ గుడ్డలోనే కదా నీళ్ళు వడకట్టి ఇస్తివి."

"అవునమ్మా."

"ఇన్నేండ్లూ."

"పదహైదేండ్లు" అన్నాడు. లెక్క తగ్గించి చెప్పలేదు.

మారెక్క హేమలత వైపు చూసింది. కోడలు కడుపుతో ఉంది, దానికేమైనా అవుతుందా అని అడిగింది. హేమలత ఏమీ కాదని చెప్పలేదు, భయపడమనీ చెప్పలేదు. ఒక గుటకలో వచ్చేది చాలా కొంచెమే, ఆ కొంచెం కూడా నోట్లోకి పోకూడదు, ఆసుపత్రికి పోయినప్పుడు డాక్టరమ్మకు ఈ మందు పేరు చెప్పండి అని కాగితం మీద రాసి ఇచ్చింది. ఒక్క తడవ చూసి సరిపెట్టుకోనని, బావి నీళ్ళు ఇంకో పెద్ద యంత్రంలో కూడా చూపించి రాతపూర్వకంగా పంపుతానని వీరేష్‌కు చెప్పింది. వీరేష్ తల గోక్కొని, ఆ కాగితం వచ్చేదాకా బండలు తెప్పించనులే అన్నాడు. గట్టుకు మాత్రం ఇనుప జాలీ వేయాల్సిందే మామా, మేకపిల్ల సంగతి మరిచిపోలేదు అన్నాడు. ఈశ్వరప్ప సరేనన్నాడు.

విత్తనాల మాట కూడా అక్కడే తేలింది. వచ్చే ఏటినుంచి పిడి తిప్పే డ్రమ్ములో, చేతులకు తొడుగులు వేసుకొని పట్టించాలని హేమలత చెప్పింది. మొదటి పిడి ఎవరు తిప్పాలని ఒకరు అడిగితే, మారెక్కే విసురుగా, ఇంకెవరు, మామే తిప్పనీ, గుడ్డ మాత్రం దగ్గరికి రానీయొద్దు అంది. నవ్వినారు కొందరు. ఆమె నవ్వలేదు. పోతూ పోతూ మాత్రం బిందె బావి గట్టున పెట్టి పోయింది, సాయంత్రం వస్తానన్నట్టు.

అందరూ పోయినాక హేమలత పుల్లలు కడిగి, పెట్టె సర్దుకుంది. తువ్వాలను ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి అంటించి, దాని మీద అంటించే చీటీ ఈశ్వరప్ప చేతికి ఇచ్చింది, నువ్వే రాయి తాతా అని. ఆయన గుండ్రని అక్షరాలతో తేదీ రాసినాడు. చోటు రాసినాడు. కింద ఇంకొంచెం చోటు మిగిలింది. కొంచెంసేపు ఆలోచించి, మందు ఎక్కడిదో చూసినవాళ్ళందరికీ అర్థమయ్యేట్టు, "ఈశ్వరప్ప తువ్వాల, బావిది కాదు" అని రాసినాడు.

"నీళ్ళు ఇయ్యి తాతా, బస్సొస్తాది" అంది ఆమె.

చేదినాడు. చెంబులోకి వంచబోయేటప్పుడు ఎడమచెయ్యి దానంతట అదే భుజం మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు. చొక్కా మాత్రం ఉంది, దాని కింద ఎముక. చెయ్యి కాసేపు గాలిలో అట్లే నిలబడి, దిగింది. నీళ్ళు నేరుగా చెంబులోకి పోసినాడు. ఒక కానుగ పువ్వు తేలుతున్నది, లేత ఊదారంగుది. తీయాలని వేలు పెట్టబోయి, ఆ వేలు ఏమేం ముట్టిందో గుర్తొచ్చి, వెనక్కి తీసుకున్నాడు. పువ్వుతోనే ఇచ్చినాడు. పుట్టి బుద్ధెరిగినాక వడకట్టకుండా ఒకరికి నీళ్ళివ్వడం అదే మొదలు.

హేమలత నోటితో మెల్లగా ఊదింది. పువ్వు చెంబు అవతలి అంచుకు జరిగింది. ఈ పక్కనుంచి ఆమె గటగటా తాగింది, ఆఖరు చుక్క దాకా. పువ్వు ఒక్కటీ చెంబు అడుగున మిగిలింది.

బావి నీళ్ళలో మందు లేదని పెద్ద యంత్రం కాగితం నెలకు వచ్చింది. వీరేష్ దాన్ని పంచాయతీ గోడకు అంటించినాడు, బావి గట్టుకు ఇనుప జాలీ వేయించినాడు. గిలక మళ్ళీ తెల్లవారుజామున కిర్రుమంటున్నది. ఇప్పుడు కానుగచెట్టు కిందికి ఎవరు వచ్చినా ఈశ్వరప్ప చెప్పే ఘనకార్యాలు ఆరు. ఆరోదాని దగ్గరికి వచ్చేసరికి, నా తువ్వాల యూనివర్సిటీలో సీలు వేసి పెట్టినారు, దాన్ని పట్టిచ్చింది నా బొగ్గే, అంటాడు. గుమ్మంలోంచి వెంకటలక్ష్మమ్మ బస్సు మాట ఎత్తుతుంది. ఆయన వినడు. ఎదురుగా రోడ్డు మీద ఎండమావి, నీళ్ళు నిలిచినట్టే మెరుస్తూ ఉంటుంది. వచ్చిన మనిషి చేతిలోని చెంబులో మాత్రం అసలు నీళ్ళు, వాటి మీద పువ్వో ఆకో ఒకటి తిరుగుతూ ఉంటుంది.